పసరు పోవాలి

నాలుగు దుప్పట్లు కప్పినా లిదియా వణుకు ఆగడం లేదు.

మంచం కోళ్లు గచ్చు మీద టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె కుడి పక్కటెముకల సందులోంచి వచ్చిన సన్నటి గొట్టం, దాని చివర వేలాడే సంచి కూడా మంచంతో పాటే ఊగుతున్నాయి. సంచిలోని పచ్చనీళ్లు నిన్న సాయంత్రం ఏ గీత దగ్గర ఉన్నాయో ఇప్పటికీ ఆ గీత దగ్గరే ఉన్నాయి.

ఇన్నమ్మ ఆ సంచి వంక చూడకుండా కూతురి పాదాలు రుద్దుతోంది.

"ఎప్పటిసంది ఇట్ల?"

గడపలోనే నిలబడి అడిగాడు ఆంథోని. కాగితం మిల్లులో డ్యూటీ దిగి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు. చొక్కా మీద, కనుబొమల మీద వెదురు పొట్టు.

"తెల్లారినప్పటిసంది."

"ముత్యాలు ఫోను బూతుకు పోయి మిల్లు గేటు కాడికి ఫోన్ చేస్తే అయిపోవు గద."

"చలికి వణుకుతుందేమో అనుకున్న."

"ఏప్రిల్ నెలల సారపాకల చలేంది అత్తా?"

ఆంథోని వంగి భార్య నుదురు మీద అరచెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి తీశాడు.

"లిదియా. ఇటు సూడు. నేనొచ్చిన."

లిదియా కళ్లు తెరిచింది. తెల్లగుడ్లు ఇంకా పసుపు ముద్దల్లాగే ఉన్నాయి. అతణ్ణి చాలాసేపు చూసింది.

"నాయిన వచ్చిండా అమ్మా? కూసోమను," అంది.

లిదియా తండ్రి పోయి ఏడేళ్లయింది. ఇన్నమ్మ చేతులు పాదాల మీదే ఆగిపోయాయి. చనిపోయినవాళ్లు కనబడటం మొదలైతే ఇక ఎన్నో రోజులు ఉండరని ఆమె చిన్నప్పటినుంచీ విన్నది. దుప్పటి అంచు లాగి కూతురి పాదాలు కప్పింది.

ఆంథోని వంటగదిలోకి వెళ్లాడు. గిన్నెలు కదిలిన చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో గుడ్ల అట్ట ఉంది.

"సోమారం నాడు తెచ్చిన. పన్నెండు తెచ్చిన. పన్నెండు ఉన్నయ్."

"తినబుద్ధి అయితలేదన్నది."

"పాలు?"

"జావ తాగింది."

"ఉప్పేసినవా జావల?"

ఇన్నమ్మ కొంగు సర్దుకుంది.

"కామెర్లకు పథ్యం లేకుంటే ఎట్ల అల్లుడా? నూనె, ఉప్పు కొంచెం తగ్గించిన. అంతే."

"కొంచెమా, మొత్తమా?"

"కొంచెం."

అది అబద్ధం. ఆరు రోజులుగా లిదియా నాలుకకు ఉప్పు రవ్వ తగలలేదు. ఆ అబద్ధం వెనక ఇంకో సంగతి ఉంది. దాన్ని ఇన్నమ్మ ఇంతవరకూ చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌తో కూడా చెప్పలేదు.

ఆంథోని గుడ్ల అట్ట కిటికీలో పెట్టి, "కారు మాట్లాడుకొస్త. బట్టలు సర్దు. ఇయ్యాలే పట్నం దవాఖానకు పోతున్నం," అని బయటికి నడిచాడు.

అతని చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఇన్నమ్మ కదల్లేదు. ఆ తరువాత దిండు కింద చెయ్యి పెట్టి, నాలుగు మడతలు వేసిన క్యాలెండర్ కాగితం బయటికి తీసింది. తన చేతిరాత. ఐదో తరగతి చదువు రాత. అప్పటికి ఎన్నోసారో చదువుకుంది.

"ఇంకా పది రోజులు పసరు పోయాలి. బాగా పోస్తేనే ఆపరేషను."

ఏం తప్పు చేసింది తను? డాక్టర్లు చెప్పిందే కదా చేసింది.

* * *

కిందటి బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ముత్యాలు బూతులోంచి కేకేస్తే ఇన్నమ్మే పరుగున వెళ్లింది. ఆంథోని డ్యూటీలో ఉన్నాడు. పట్నం దవాఖానా నుంచి డాక్టరమ్మ ప్రమీలారాణి.

"లిదియాగారి అమ్మగారేనా? కొత్తగూడెంలో తీయించిన రక్తం రిపోర్టు చూశామమ్మా. కామెర్లు ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. ఇంత కామెర్లలో కోస్తే తట్టుకోలేదు."

అప్పుడే జామాయిలు లోడుతో లారీ ఒకటి మిల్లు గేటు వైపు తిరిగింది. గేరు మార్చిన రొదలో బూతు అద్దాలు అదిరాయి. ఇన్నమ్మ ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోను అదిమిపట్టుకుంది.

"...పసరు... పది రోజులు... పసరు బాగా..."

"ఏందమ్మా? ఇనపడ్తలేదు."

డాక్టరమ్మ ఆ మాట మళ్లీ చెప్పింది. ఇన్నమ్మ ముత్యాలు దగ్గర పెన్సిలు అడిగి, గోడ క్యాలెండర్‌లో అయిపోయిన నెల చింపించుకుని రాసుకుంది. బూతులోంచి వస్తుంటే ఆమెకు ఎప్పుడూ లేని ధైర్యం వచ్చింది. ఇన్ని పరీక్షలు చేసి, పక్కలో గొట్టం గుచ్చి, చివరికి పెద్ద డాక్టర్లు కూడా తన దారికే వచ్చారు. కామెర్లకు పసరు పోయాలని తను మొదటి రోజే మొత్తుకుంది. అల్లుడే వినలేదు.

కూతురికి వచ్చినవి మామూలు కామెర్లు కావని ఆమెకు తెలుసు. పిత్తాశయంలో గడ్డ, అది క్యాన్సర్ గడ్డ, అది పెరిగి లివర్ నుంచి వచ్చే దారి మూసేసినందుకే ఒళ్లంతా పచ్చబడిందని డాక్టర్లు ఆంథోనికీ తనకూ చెప్పారు. లిదియాకు మాత్రం రాళ్లని చెప్పారు. క్యాన్సర్ అన్న మాటకు ఇన్నమ్మ దగ్గర విరుగుడు లేదు. కామెర్లకు ఉంది. అందుకే దాన్ని పట్టుకుంది.

మరునాడు పొద్దున్నే లిదియాను ఆటోలో ఎక్కించుకుని అడవి అంచున ఉన్న గూడేనికి పోయింది. అల్లుడికి చర్చికి అని చెప్పింది. లిదియాతో, డాక్టర్లే పొయ్యమన్నరు గాని ఈ సంగతి ఆయన ముందు ఎత్తకు, ఊరికే లొల్లి చేస్తడు అని చెప్పింది.

పసరు పోసే జంపక్క గొట్టాన్నీ సంచినీ చూసి లేచి నిలబడింది.

"గొట్టం పెట్టినోళ్లకు నేను పొయ్య. డాక్టరు చేతిల ఉన్న మనిషికి నా చెయ్యి తగలొద్దు."

"డాక్టరమ్మే పొయ్యమన్నదక్కా. ఇగో కాగితం."

జంపక్క కాగితం తిప్పి తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. "నిజంగ డాక్టరమ్మే అన్నదా?"

"దేవమాత తోడు."

"అన్నదంటే పోస్త. మూడు పొద్దులు. ఆరు దినాలు ఉప్పు, నూనె ముట్టొద్దు."

మూడు పొద్దులూ పరగడుపున లిదియా కళ్లు మూసుకుని ఆ పచ్చని గుటక మింగింది. చేదుకు ముఖం ముడిచి, "దీనికన్న ఆ కత్తే నయమేమో," అని నవ్వింది. వణుకు పట్టకముందు ఆమె చివరగా నవ్వింది అప్పుడే.

* * *

కారు జూలూరుపాడు దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. డ్రైవరు టీకొట్టు దగ్గర ఆపి రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. లిదియా తల ఇన్నమ్మ ఒడిలో ఉంది. ఆంథోని ముందు సీటు దిగి వచ్చి, కిటికీలోంచి సోడా అందించాడు.

"అత్తా. దవాఖాన్ల అడుగుతరు. ఏం తిన్నది, ఏం తాగింది అని. నాకు చెప్పనిదేమన్న ఉంటే ఇప్పుడే చెప్పు."

చెప్పడానికి ఇంతకన్న మంచి చోటు దొరకదని ఇన్నమ్మకు తెలుసు. నోరు తెరిచింది. అతని ముఖం వైపు చూసింది. రెండు రోజుల గడ్డం, నిద్రలేని కళ్లు. ఈ మనిషి ఇక్కడే తనను దింపేసి పోతే?

"చెప్పేదేముంది? జావ, మజ్జిగ," అంది.

ఆంథోని తల ఊపాడు. కారు కదిలింది. సూర్యాపేట దాకా ఇన్నమ్మ జపమాల తిప్పుతూనే ఉంది. ఏ పూస దగ్గర ఏ జపమో తప్పిపోయింది.

* * *

డాక్టరమ్మ ప్రమీలారాణి సన్నగా, నలుగురి పని ఒక్కతే చేస్తున్నట్టు ఉంటుంది. మధిర వైపు పిల్ల. లిదియా కనురెప్పలు ఎత్తి చూసింది. గొట్టం మూసుకుపోతే లోపలికి మందునీళ్లు పంపి తెరిపించింది. రెండు చేతులకూ సెలైన్లు పెట్టించింది. సాయంత్రానికి రక్తం రిపోర్టు వచ్చింది. దాన్ని చూసి ఆమె మంచం దగ్గరికి రాకుండా కిటికీ దగ్గర ఆగిపోయింది.

"ఆంథోనిగారూ, జ్వరం గొట్టం మూసుకుపోయినందుకు వచ్చింది. అది అర్థమైంది. కానీ ఒంట్లో ఉప్పు ఇంతలా పడిపోయింది, అందుకే మగతగా ఉంది. ఇది ఎందుకో అర్థం కావడం లేదు. ఉప్పు బాగా వేసి పెట్టమని, గుడ్లు పెట్టమని చెప్పాం కదా?"

"చెప్పిండ్రు మేడం. పెట్టినం."

"బయటి మందులేమైనా వాడారా? నాటు మందులు, చూర్ణాలు?"

"లేదు మేడం."

ఆమె కలం కాగితం మీద ఆనింది. "లేవు" అని రాయబోతోంది. ఇన్నమ్మ ఆ కలం కొసనే చూస్తోంది. అక్కడ లేవని పడితే డాక్టర్లు ఇంకేదో రోగాన్ని వెతుకుతారు. ఇంకేదో మందు ఇస్తారు. బిడ్డ ఇంకోరకంగా పోతుంది. చెబితే తను పోతుంది. అంతే కదా.

"రాయకు డాక్టరమ్మా."

ఇద్దరూ తిరిగి చూశారు.

"పసరు పోసిన. మూడు పొద్దులు. ఆరు దినాలు ఉప్పు బంద్ పెట్టిన."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఇన్నమ్మ ఎదురుగా కూర్చుంది. "ఎవరు చెప్పారమ్మా అలా చేయమని?"

"మీరే."

"నేనా?"

ఇన్నమ్మ రవికెలోంచి క్యాలెండర్ కాగితం తీసి ఇచ్చింది. చెమటకు పెన్సిలు రాత అలుక్కుపోయింది గానీ చదవడానికి వస్తోంది. డాక్టరమ్మ చదివింది. మళ్లీ చదివింది.

"పోయాలి అనలేదమ్మా నేను. పోవాలి అన్నాను. పసరు పోవాలి."

"అదే కద."

"అదిగో, ఆ సంచిలోకి పోతోందే, దాన్నే పసరు అంటాం. లివర్‌లోంచి వచ్చే పసరు. అది బయటికి పోతేనే కామెర్లు తగ్గుతాయని చెప్పాను."

ఇన్నమ్మ సంచి వైపు చూసింది. "అవి పచ్చనీళ్లు గద."

"బైల్ అంటే మీకు అర్థం కాదేమోనని... తెలుగులో చెబుదామనుకున్నాను." ఆ పిల్ల కలానికి మూత పెట్టింది. "ఆ పసరుతో పాటు ఒంట్లో ఉప్పంతా కూడా పోతుందమ్మా. అందుకే ఎక్కువ తినమన్నది. మీరు పోసిన ఆకు మందు ఏం చేసిందో నాకు తెలియదు, మంచిదో చెడ్డదో చెప్పలేను. ఉప్పు మానడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు చెప్పారు కాబట్టి సరిచేస్తాం. రాగానే చెప్పి ఉంటే ఇంకా ముందే చేసేవాళ్లం."

ఆమె కాగితం మడిచి తన కోటు జేబులో పెట్టుకుంది. తిరిగి ఇవ్వలేదు.

ఆంథోని అప్పటికే వరండాలోకి వెళ్లిపోయాడు. ఇన్నమ్మ వెనకాలే వెళ్లి రెండడుగుల దూరంలో నిలబడింది. అతను గోడకేసి మాట్లాడాడు.

"జూలూరుపాడుల అడిగిన గద."

"అడిగినవ్."

"నా ముఖం సూసి అబద్ధమాడినవ్. ఇక్కడ నాతోని కూడా ఆడించినవ్."

"చెప్తే ఎళ్లగొడ్తవనుకున్న."

"ఎప్పుడన్న నిన్ను పొమ్మన్ననా అత్తా? ఏడేండ్లాయె నా ఇంట్ల ఉండబట్టి."

"అనలే. బిడ్డ మంచం కాడికి రానియ్యవేమో అని..."

"నువ్వు భయపడ్డది బిడ్డ కోసం కాదు. నీ కోసం."

ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగమే ఎక్కువ కాల్చింది.

ఆ తరువాత మూడు రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. టీ తెస్తే రెండు గ్లాసులు తెచ్చేవాడు. ఒకటి ఆమె పక్కన బల్ల మీద పెట్టి పోయేవాడు. అరిచినా బాగుండేదని ఆమెకు అనిపించేది.

* * *

నాలుగో రోజుకు లిదియా లేచి కూర్చుంది. ఎనిమిదో రోజుకు ఉప్పు చల్లిన గుడ్డు తింటూ, పక్క మంచం ముసలామెతో హాస్యాలాడింది. కళ్లలో పసుపు సగానికి దిగింది. ఇన్నమ్మకు ఆ పసుపు దిగడం చూస్తుంటే ఆశ కలగాలి. భయమే కలిగింది. అది దిగిన రోజునే కదా కత్తి.

పెద్ద సర్జన్ చెంచురామయ్యగారు ఆంథోనినీ ఆమెనూ తన గదికి పిలిపించారు. ప్రమీలారాణి కూడా గోడవారగా నిలబడింది.

"ఇంకా ఆగితే కామెర్లు పూర్తిగా తగ్గుతాయి. కానీ ఆ గడ్డ మనకోసం ఆగదు. గొట్టం మళ్లీ మూసుకుపోవచ్చు. శుక్రవారం చేద్దామనుకుంటున్నాను. చేసేముందు ఉన్నదున్నట్టు చెబుతాను."

ఆయన నెమ్మదిగా చెప్పారు. గడ్డ ముదిరి కామెర్ల దాకా వచ్చాక తన దగ్గరికి వచ్చినవాళ్లలో, పదిమందిలో ఏడుగురికి పొట్ట తెరిచి చూసి, తీయడానికి వీల్లేక మళ్లీ కుట్టేయవలసి వచ్చింది. మిగిలిన ముగ్గురికి తీయగలిగారు. ఆ ముగ్గురిలో కూడా ఒకరు ఆపరేషన్‌కే తట్టుకోలేకపోయిన సందర్భాలున్నాయి. తీసిన తరువాత రెండు మూడేళ్లు బాగా ఉన్నవాళ్లు ఉన్నారు. ఏడాది లోపే తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు.

"కొయ్యకుంటే?" ఆంథోని అడిగాడు.

"గొట్టంతోనే నాలుగైదు నెలలు. అటూ ఇటూ."

"నాలుగైదు నెలలు ఇంట్ల ఉంటది గద సార్. మనుషుల మధ్యన. పిల్లల ముంగట." పిల్లలిద్దరూ మధిరలో అతని చెల్లెలి దగ్గర ఉన్నారు. "బల్ల మీదనే పోయిందనుకో, వాళ్లకు నేనేం చెప్పాలె?"

"అది మీరూ ఆమే తేల్చుకోవాలి. నేను బలవంతపెట్టను."

"ఆమెకు రాళ్లనే చెప్పినం సార్."

అప్పుడు ప్రమీలారాణి ముందుకు వచ్చింది. "ఈసారి ఆమెకు నేనే చెబుతానండీ. ఎదురుగా కూర్చుని. సంతకం పెట్టేది ఆమె కదా."

"వద్దు మేడం. గుండె ఆగిపోతది దానికి."

ఆంథోని ఇన్నమ్మ వైపు తిరిగాడు. మూడు రోజుల మౌనం తరువాత మాటలు వచ్చినా ఆమె కళ్లలోకి చూడటం మాత్రం అదే మొదటిసారి. చెప్పొద్దను అత్తా, అంటున్నాయి ఆ కళ్లు. ఇన్నమ్మ ప్రాణం కూడా అదే అంటోంది. అల్లుడి పక్షాన నిలబడటానికి, మళ్లీ అతనికి దగ్గర కావడానికి ఇదొక్కటే దారి.

"చెప్పండి డాక్టరమ్మా," అంది. "దాచింది చాలు."

ఆంథోని చూపు తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పిందంతా విని లిదియా గుడ్డు పెంకులు ఏరి గిన్నెలో వేసింది.

"రాళ్లకే మీరంతా ముఖాలు గిట్ల వేలాడేసుకుంటరా అని అప్పుడే అనుకున్న." తల్లి వైపు చూసింది. "మా అమ్మ సంగతి తెల్వదు డాక్టరమ్మా మీకు. నేను తుమ్మితే శవపెట్టెకు కొలత తీస్తది. అట్లాంటిది నెల రోజుల సంది నా ముంగట ఏడవనే లేదు. అప్పుడే అర్థమైంది, పెద్దదేదో ఉందని."

"చేయించుకుంటావా మరి?" ప్రమీలారాణి అడిగింది.

"తియ్యొస్తే తియ్యండి. రాకపోతే కుట్టేయండి. లోపల ఏమున్నదో సూడకుండ నేను ఇంటికి పోయి కూసోలేను." భర్త చెయ్యి పట్టుకుంది. "నువ్వేమంటవ్?"

"నేనేమన్న నువ్వు ఇంటవా?"

"ఇనను. ఊకె అడిగిన."

ఆంథోని నవ్వబోయి, వరండాలోకి లేచి పోయాడు. లిదియా కాగితం మీద బడిలో పంతులమ్మ పిల్లలకు రాసి చూపించేటంత గుండ్రంగా సంతకం పెట్టింది.

* * *

శుక్రవారం ఎనిమిదింటికి లిదియాను తీసుకుపోయారు. తలుపు మూసుకునే ముందు ప్రమీలారాణి ఇన్నమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"తీయగలిగితే ఐదారు గంటలు పడుతుందమ్మా. తీయలేకపోతే గంటా గంటన్నరలో వచ్చేస్తాం. ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకోండి."

ఇన్నమ్మ జీవితంలో ఎప్పుడూ ఆలస్యాన్ని కోరుకోలేదు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే లోయలో పడిందనుకునే మనిషి. అల్లుడు డ్యూటీ నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే మిల్లు గేటు దాకా నడిచిపోయే మనిషి. ఇప్పుడు వరండా గడియారం ముందు కూర్చుని, పెద్ద ముల్లు ఆగిపోతే బాగుండనుకుంది. కానీ ఆ ముల్లు నడిస్తేనే కదా ఐదు గంటలయ్యేది. నడవాలో ఆగాలో ఏది కోరుకోవాలో తెలియలేదు.

ఎనిమిదీ నలభైకి నర్సు వచ్చి ఇంకో సీసా రక్తం సిద్ధంగా ఉండాలంది. ఆంథోని కింది అంతస్తుకు పరిగెత్తాడు.

తొమ్మిదీ పదికి తలుపు తెరుచుకుంది.

ప్రమీలారాణి. ముఖానికి కట్టిన గుడ్డ కిందికి లాగి ఉంది. ఇన్నమ్మ గడియారం వంక చూసింది. గంటా పది నిమిషాలు.

"కుట్టేసిండ్రా?"

"లేదమ్మా. వినండి. ఆంథోనిగారేరీ?"

"రక్తానికి పోయిండు."

డాక్టరమ్మ మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు. ఇన్నమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"గడ్డ లివర్ అంచును పట్టుకుని ఉంది. ఇంకెక్కడికీ పాకినట్టు కనబడటం లేదు. లివర్‌లో పెద్ద ముక్కతో సహా కోసేస్తే మొత్తం వచ్చేటట్టుంది. కానీ కామెర్లు పూర్తిగా దిగని లివర్ అది. మిగిలిన ముక్క పనిచేస్తుందో లేదో ఎవరం చెప్పలేం. ఆ ముక్క పనిచేయకపోతే వారం కూడా గడవదు. తీయకుండా కుట్టేస్తే నాలుగైదు నెలలు ఉంటుంది, అంతకుమించి ఉండదు. లిదియాగారు రెండింటికీ సంతకం పెట్టారు. అయినా ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ఇంటివాళ్లను అడగకుండా పెద్దసారు ముందుకు పోరు."

"అల్లుడు రానీయండి."

"కడుపు తెరిచి ఉందమ్మా. ఎంతోసేపు ఆగలేం."

ఇన్నమ్మ మెట్ల వైపు చూసింది. అల్లుడు ఏమంటాడో ఆమెకు తెలుసు. నాలుగైదు నెలలు అంటాడు. తనేమంటుందో మాత్రం ఇప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ తను ఎంచుకునేది ఏది తక్కువ భయమో అదే. ఇప్పుడు వెతికింది. నాలుగు నెలలు ప్రతి పొద్దూ కూతురి ముఖంలో రోజులు లెక్కపెట్టడం ఒక భయం. వారంలో బొట్టు బొట్టుగా పోవడం ఇంకో భయం. రెండూ సమానంగా ఉన్నాయి. భయం ఈసారి ఏ దారీ చూపలేదు.

లోపల మత్తులో పడుకున్న మనిషి ఏమడిగిందో అది మాత్రం స్పష్టంగా ఉంది.

"తియ్యండి," అంది ఇన్నమ్మ. "తల్లిని నేను. నేను చెప్తున్న."

డాక్టరమ్మ ఆమె భుజం నొక్కి లేచింది. తలుపు మూసుకుంది.

రెండు నిమిషాలకు ఆంథోని మెట్లెక్కి వచ్చాడు. తడిగుడ్డలో చుట్టిన రక్తం సీసా రెండు చేతులా పట్టుకుని, రొప్పుతున్నాడు.

"ఎవరన్న బయటికొచ్చిండ్రా?"

"వచ్చిండ్రు." ఈసారి ఆమె ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పింది. గడ్డ సంగతి, లివర్ ముక్క సంగతి, వారం సంగతి, నాలుగైదు నెలల సంగతి. "తియ్యమని చెప్పిన."

"నన్ను అడగకుండ?"

"నువ్వు లేవు. వాళ్లు ఆగమన్నా ఆగరు."

"నేను ఒద్దంటనని తెలుసు నీకు."

"తెలుసు."

తలుపు మళ్లీ తెరుచుకుంది. చేతులకు తొడుగులతో నర్సు. "లిదియా రక్తం తెచ్చిండ్రా? ఇయ్యండి, జల్దీ. సార్ మొదలుపెట్టిండు."

ఆమె చెయ్యి చాపి సీసా మెడ పట్టుకుంది.

ఆంథోని వదల్లేదు. కళ్లు ఇన్నమ్మ మీదే ఉన్నాయి.

"ఇయ్యన్నా," అంది నర్సు, మెల్లగా లాగుతూ.